బేస్ గిటార్ బ్రిడ్జ్ మార్చేటప్పుడు గ్రౌండ్ వైరు: విప్పడం నుంచి స్టేజీ ఎక్కేదాకా

ఆంప్ ఆన్‌లో ఉండగా తీగల మీద చెయ్యి వేస్తే గుయ్యిమనే శబ్దం తగ్గుతుంది. చెయ్యి తీస్తే మళ్లీ లేస్తుంది. బేస్ వాయించేవాళ్లందరికీ ఇది అనుభవమే. కానీ ఆ పని చేసే గ్రౌండ్ వైరును కళ్లతో చూసినవాళ్లు తక్కువ. అది జానెడు పొడవుండే సన్నటి రాగి తీగ. ఒక కొస లోపల వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే, శబ్దం తగ్గించి పెంచే భాగం) వెనక సోల్డర్ చేసి ఉంటుంది. రెండో కొస చెక్కలో వేసిన రంధ్రం గుండా పైకి వచ్చి, తీగల కింది కొసలను మోసే బ్రిడ్జ్ ప్లేటుకూ చెక్కకూ మధ్య నొక్కుకుని ఉంటుంది. చాలా బేస్‌లలో అక్కడ సోల్డరు ఉండదు, స్క్రూ ఉండదు. బ్రిడ్జ్ బరువూ బిగింపే దాన్ని పట్టుకుంటాయి. అందుకే బ్రిడ్జ్ ఎత్తిన క్షణంలో అది తప్పిపోతుంది.

నేను మొదటిసారి బ్రిడ్జ్ మార్చింది క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు. విజయనగరంలో మేం వాయించే చర్చిలో పెద్ద ఆరాధన, కొయిర్ పిల్లలందరూ వచ్చేశారు. పాత బ్రిడ్జ్ తుప్పు పట్టిందని ఐదు స్క్రూలు విప్పి తీశాను, కొత్తది పెట్టి బిగించాను, అరగంటలో పని అయిపోయింది అనుకున్నాను. సౌండ్ చెక్‌లో కేబుల్ పెట్టగానే హాలంతా మోత. తీగ ముట్టుకున్నా ముట్టుకోకపోయినా ఒకటే మోత. వాల్యూమ్ నాబ్ దగ్గరున్న లోహపు ప్లేటు మీద వేలు పెడితే మాత్రం తగ్గింది. అంత టెన్షన్‌లోనూ ఆ చిన్న తేడాయే జవాబు చెప్పింది: లోపలి గ్రౌండ్ బాగానే ఉంది, తీగల దాకా రావడం లేదు. బ్రిడ్జ్ ఎత్తినప్పుడు వైరు రంధ్రంలోకి జారిపోయింది, నేను చూసుకోలేదు.

మర్నాడు గంటస్తంభం దగ్గర రేడియోలు, ఆంప్‌లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన మీటరు తీసి, “తీగ తగిలినట్టు కనబడితే సాలదు బాబూ, మీటరు సెప్పాల” అన్నారు. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. అందుకే కింద రాసినదాంట్లో స్క్రూలు తిప్పడం కంటే కొలవడమే ఎక్కువ కనిపిస్తుంది.

అసలు ఆ వైరు ఏం చేస్తుంది

మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. గోడల్లోని వైర్లు, ట్యూబ్‌లైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు చుట్టూ ఒక విద్యుత్ క్షేత్రాన్ని పరుస్తాయి. మన ఒంట్లో ఉన్నది ఉప్పునీరే కాబట్టి ఒళ్లు ఒక ఏరియల్‌లాగా ఆ క్షేత్రాన్ని పట్టుకుంటుంది. ఆ ఒంటినే బేస్‌కు ఆనించుకుని కూర్చుంటాం. పికప్ (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం), లోపలి వైర్లు మన ఒంటి నుంచి ఆ రొదను అందుకుని ఆంప్‌కు పంపిస్తాయి. తీగలు గ్రౌండ్‌కు కలిసి ఉంటే, తీగ ముట్టుకోగానే మన ఒళ్లు కూడా గ్రౌండ్‌లో భాగమవుతుంది. అప్పటిదాకా రొదను మోసిన ఒళ్లే ఇప్పుడు పికప్‌కు అడ్డుగోడ అవుతుంది.

దారి ఇలా సాగుతుంది: వేలు, తీగ, శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న ముక్క), బ్రిడ్జ్ ప్లేటు, గ్రౌండ్ వైరు, పాట్ వెనక రేకు, జాక్ (కేబుల్ గుచ్చే చోటు) స్లీవ్, కేబుల్ మీది అల్లిక, ఆంప్ ఛాసిస్, అక్కడి నుంచి మూడో పిన్ను ద్వారా ఇంటి ఎర్త్. ఈ గొలుసులో ఒక్క లంకె ఊడినా తీగ ముట్టుకున్న ప్రయోజనం ఉండదు.

ఇంకో రకం హమ్, అంటే గుయ్యిమనే మోత, కూడా ఉంది, దాన్ని దీనితో కలిపేసుకోకండి. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రాన్ని నేరుగా పట్టుకుంటుంది. బేస్ పట్టుకుని మీరు పక్కకు తిరిగితే ఆ శబ్దం పెరగడం, తగ్గడం వినిపిస్తుంది. గ్రౌండ్ ఎంత బాగుచేసినా అది పోదు. ఫెండర్ కంపెనీ మోడల్ ప్రెసిషన్ బేస్‌కు 1957 నుంచి వస్తున్న రెండు ముక్కల పికప్ దాన్ని దానికదే కొట్టేస్తుంది. అదే కంపెనీ ఇంకో మోడల్, ఇప్పటి జాజ్ బేస్‌లలో చాలావాటికి రెండు వాల్యూమ్‌లూ సమానంగా పెడితే తగ్గుతుంది, ఒకటి తగ్గిస్తే మళ్లీ వస్తుంది. అది లోపం కాదు. దాని కోసం బ్రిడ్జ్ విప్పొద్దు.

సామాను

డిజిటల్ మల్టీమీటరు తప్పనిసరి. ఖరీదైనది అక్కర్లేదు, ఓమ్‌లు చూపించి బీప్ కొట్టేదైతే చాలు. స్క్రూలకు సరిగ్గా పట్టే స్టార్ స్క్రూడ్రైవరు, మాస్కింగ్ టేపు, సన్నటి శాండ్ పేపరు, చిన్న చాకు. వైరు మార్చాల్సి వస్తే 22 గేజి మల్టీస్ట్రాండ్ వైరు ఒక మీటరు, సోల్డరింగ్ ఐరన్, లోపల ఫ్లక్స్ ఉన్న సోల్డరు. 60/40 (తగరం, సీసం పాళ్లు) పనికొస్తుంది. 63/37 దొరికితే ఇంకా మంచిది, 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గట్టిపడుతుంది కాబట్టి జాయింటు కదిలిపోయే అవకాశం తక్కువ. ఐరన్ విషయంలో ఒక మాట. షాపుల్లో ఎక్కువగా ఇచ్చేది 25 వాట్లది. చిన్న వైర్లకు అది సరిపోతుంది కానీ పాట్ వెనక రేకు వేడిని లాగేసుకుంటుంది. 40 నుంచి 60 వాట్లది తీసుకోండి. తక్కువ వేడితో ఎక్కువసేపు పట్టుకోవడం కంటే, ఎక్కువ వేడితో తొందరగా ముగించడం పాట్‌కు మంచిది.

విప్పకముందే కొలవండి

ఈ మెట్టు అందరూ వదిలేస్తారు, నేనూ వదిలేశాను. బేస్‌ను ఆంప్‌కు కలిపి, వాల్యూమ్ పెంచి, నాలుగు చోట్ల ముట్టుకుని వినండి: తీగలు, బ్రిడ్జ్, నాబ్‌ల ప్లేటు, కేబుల్ ప్లగ్గు లోహం. ఎక్కడ తగ్గింది, ఎక్కడ తగ్గలేదు అన్నది కాగితం మీద రాసుకోండి. పని అయ్యాక పోల్చుకోవడానికి ఇదే ఆధారం.

తర్వాత ఆంప్ ఆపేయండి. కేబుల్‌ను ఆంప్ వైపు మాత్రమే పీకండి, బేస్ వైపు అలాగే ఉంచండి. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ప్లగ్గు పొడుగు భాగం, అంటే స్లీవ్, బేస్ లోపలి గ్రౌండ్‌కు నేరుగా కలిసి ఉంది. బేస్ మూత విప్పకుండానే అన్నీ కొలవచ్చు. మీటరును అతి తక్కువ ఓమ్‌ల రేంజిలో పెట్టి, ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించండి. 0.2, 0.4 అలా ఏదో చూపిస్తుంది, అది ప్రోబుల సొంత నిరోధం. ఇక ఒక ప్రోబు స్లీవ్‌కు, రెండోది బ్రిడ్జ్ మీద పెట్టండి. ప్రోబుల అంకె తీసేస్తే ఒక ఓమ్ లోపు మిగిలితే గ్రౌండ్ బాగుంది. నాలుగైదు ఓమ్‌లు వచ్చినా, చెయ్యి కదిపితే అంకె ఎగిరిపడినా ఎక్కడో చిలుమో, వదులు జాయింటో ఉన్నట్టు.

బీప్ వచ్చింది కదా అని ఆగిపోవద్దు. చాలా మీటర్లు ముప్పై, నలభై ఓమ్‌లకు కూడా బీప్ కొడతాయి. చెవితో పాటు కంటికి కూడా పని చెప్పండి, అంకె చూడండి.

ఇదే కేబుల్‌తో టిప్‌కూ (ప్లగ్గు కొసకూ) స్లీవ్‌కూ మధ్య కూడా ఒకసారి కొలవండి. మామూలు పాసివ్ (బ్యాటరీ లేని) ప్రెసిషన్ బేస్‌కు వాల్యూమ్ పూర్తిగా పెడితే సుమారు పది వేల ఓమ్‌లు వస్తుంది. జాజ్ బేస్‌కు రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా ఉంటే నాలుగు వేలకు అటూఇటూ. ఈ అంకె కూడా రాసుకోండి. పని అయ్యాక ఇది మారితే గ్రౌండ్ కాదు, ఇంకేదో కదిలిందని అర్థం.

బ్రిడ్జ్ విప్పడం

కొత్త బ్రిడ్జ్ కొనేముందే పాతదాని స్క్రూ రంధ్రాల మధ్య దూరాలు, తీగకూ తీగకూ ఎడం కొలుచుకోండి. రంధ్రాలు కలవకపోతే బేస్ చెక్కకు కొత్త చిల్లులు వేయాలి, ఆ చిల్లు పొరపాటున గ్రౌండ్ వైరు దారిలో పడొచ్చు. రంధ్రాలు కలిసే బ్రిడ్జ్ దొరికితే అదే తీసుకోండి అని నా సలహా, కొంచెం ధర ఎక్కువైనా సరే.

తీగలను ఒక్కొక్కటీ కాస్త కాస్త వదులు చేస్తూ తీయండి. నాలుగు తీగలు కలిపి మెడను డెబ్భై, ఎనభై కిలోల బలంతో లాగుతుంటాయి. ఒక్కసారిగా వదలకపోవడం మంచిది.

స్క్రూలన్నీ తీశాక బ్రిడ్జ్‌ను అమాంతం పైకి ఎత్తొద్దు. పికప్ వైపు అంచును మాత్రం కాస్త సందు వచ్చేలా లేపి, టార్చి వేసి లోపలికి చూడండి. వైరు కనిపిస్తుంది. ఒక్కోసారి రంగు పొర కింద అతుక్కుపోయి ఉంటుంది, లాగితే తెగుతుంది. వేలితో నెమ్మదిగా విడిపించి, కొసను వంచి, మాస్కింగ్ టేపుతో చెక్కకు అంటించండి. అప్పుడే బ్రిడ్జ్ పూర్తిగా తీయండి. నా క్రిస్మస్ గండం ఈ టేపు ముక్క లేకనే. ఆ పక్కనే ఫోన్‌తో ఒక ఫోటో తీయండి, వైరు ఏ స్క్రూకు ఎంత దూరంలో ఉందో తర్వాత గుర్తుండదు.

పాతకాలపు నమూనాలో చేసిన జాజ్ బేస్ అయితే వైరు కనిపించకపోవచ్చు. 1960లో మొదలైన ఆ మోడల్‌కు తొలినాళ్లలో వైరు బదులు బ్రిడ్జ్ కింద నుంచి పికప్ గుంట దాకా సన్నటి ఇత్తడి పట్టీ వేసేవారు. ఆ పట్టీ ఏదో అలంకారమనుకుని పీకేయొద్దు.

వైరు లోపలికి జారిపోతే

కంగారు పడొద్దు. లోపలి కంట్రోల్ మూత తీసి చూస్తే వైరు రెండో కొస పాట్ వెనక కనిపిస్తుంది. దాన్ని ముందుకు తోసి చూడండి, గట్టి ఒంటి తీగ అయితే ఒక్కోసారి తిరిగి పైకి వచ్చేస్తుంది. రాకపోతే ఒక పాత అకౌస్టిక్ గిటార్ తీగ, సన్నగా గట్టిగా ఉండేది, బ్రిడ్జ్ వైపు రంధ్రంలోంచి లోపలి గుంటలోకి దూర్చండి. దాని కొసకు వైరు కొసను మెలేసి, ఒక చుక్క సోల్డరు వేసి, లావు కాకుండా చూసి, మెల్లిగా పైకి లాగండి. పూల దండకు దారం ఎక్కించినంత ఓపిక కావాలి. మొదటిసారి నాకు ఇరవై నిమిషాలు పట్టింది.

పాత వైరు చిలుము పట్టి పెళుసైతే కొత్తది వేసేయండి. దానికి సులువైన దారి, పాతది బయటకు లాగేముందే దాని కొసకు కొత్తదాన్ని అతికించడం. పాతది వస్తూ వస్తూ కొత్తదాన్ని తెచ్చిపెడుతుంది.

చిలుము మన వైపు మామూలు సంగతే. భోగాపురం, పూసపాటిరేగ వైపు సముద్రం దగ్గర ఉండేవాళ్ల బేస్‌లు విప్పితే బ్రిడ్జ్ కింద రాగి పచ్చబడి ఉంటుంది. చెమట, ఉప్పుగాలి కలిసి చేసే పని అది. ఆ పచ్చటి పొర కరెంటును సరిగా పోనివ్వదు. శాండ్ పేపరుతో రుద్ది రాగి ఎర్రగా మెరిసేదాకా తీసి, కొసకు పల్చగా సోల్డరు పూత పెట్టండి. పూత ఉన్న రాగి అంత త్వరగా చిలుము పట్టదు.

కొత్త బ్రిడ్జ్ అడుగు చూసుకోండి

అందరూ పైమెరుపు చూసి కొంటారు. గ్రౌండ్‌కు కావలసింది అడుగు. క్రోమ్, నికెల్ పూతలు కరెంటును పోనిస్తాయి, వాటితో ఇబ్బంది లేదు. నల్లరంగు బ్రిడ్జ్‌లతోనే అసలు తంటా. బ్లాక్ క్రోమ్ అయితే పరవాలేదు, కానీ పౌడర్ కోటింగ్, పెయింటు కరెంటును ఆపేస్తాయి. అల్యూమినియం మీద అనోడైజింగ్ చేసిన పొర కూడా అంతే, చూడ్డానికి లోహంలాగే ఉంటుంది కానీ అది బంధకం.

ఏదైనా సరే మీటరుతో అడగండి. అడుగున రెండు చోట్ల ప్రోబులు మెత్తగా ఆనించండి, గుచ్చొద్దు, గుచ్చితే పూత చీలి తప్పు జవాబు వస్తుంది. అంకె రాకపోతే, వైరు ఆనే చోట రూపాయి బిళ్లంత మేర చాకుతోనో శాండ్ పేపరుతోనో పూత గీకేయండి. బ్రిడ్జ్ కిందకి వెళ్లేదే కాబట్టి పైకి కనబడదు. తర్వాత గీకిన చోటికీ శాడిల్‌కూ మధ్య కొలవండి. ఇది మర్చిపోకండి, ఎందుకంటే శాడిల్‌కూ ప్లేటుకూ మధ్య కూడా అదే పూత ఉండొచ్చు. శాడిల్ ఎత్తు సరిచేసే చిన్న స్క్రూలు ప్లేటు మీద ఆనే చోట పూత తెగిపోయి సాధారణంగా దారి దొరుకుతుంది. దొరకని శాడిల్ మీద తీగ ఒంటరిగా మిగిలిపోతుంది. నాలుగు తీగలకూ నాలుగు విడివిడి బ్రిడ్జ్ ముక్కలు ఉండే రకం అయితే ఒక్కోదానికీ ఒక్కో వైరు కావాలి, లేదా అన్నిటి కిందా ఒకే రాగి రేకు పట్టీ పరచాలి.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేసే వీణలో తీగలు గుర్రం మీదుగా వెళ్తాయి. అక్కడ గుర్రం పని నాదాన్ని చెక్కలోకి దింపడమే. బేస్ బ్రిడ్జ్‌కు ఆ పనితో పాటు ఈ కరెంటు పని కూడా తగిలింది. నాదం ఎంత చక్కగా పలికినా రెండో పని చేయకపోతే బ్రిడ్జ్ సగమే పనిచేస్తున్నట్టు.

వైరు పరిచి బిగించడం

కొసన రెండు మూడు సెంటీమీటర్లు ఇన్సులేషన్ ఒలిచి, పోగులను విసనకర్రలా విప్పి పల్చగా పరచండి. ముద్దగా వదిలేస్తే ప్లేటు ఒక పక్కకు లేచి ఊగుతుంది, నాదం చెడుతుంది. స్క్రూలు దిగే దారికి దూరంగా ఉంచండి, స్క్రూ దిగుతూ పోగులను మెలిపెట్టి తెంపేస్తుంది. పైన ఒక చిన్న రాగి టేపు ముక్క అంటిస్తే పోగులు కదలవు, ఆనే చోటు కూడా విశాలమవుతుంది.

వైరును బ్రిడ్జ్‌కే సోల్డర్ చేస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అని చాలామంది అడుగుతారు. వద్దు. అంత లోహాన్ని వేడెక్కించడానికి పెద్ద ఐరన్ కావాలి, పూత పాడవుతుంది, చవక బ్రిడ్జ్‌ల జింక్ మిశ్రమం మీద సోల్డరు అంటదు కూడా. శుభ్రమైన రాగి, శుభ్రమైన లోహం, గట్టి బిగింపు, ఇవి చాలు.

పాత స్క్రూ రంధ్రాలు వదులైతే అగ్గిపుల్లలకు ఫెవికాల్ రాసి దూర్చి, ఆరాక కొసలు కోసేయండి. స్క్రూ మరలకు కాస్త సబ్బు రుద్దితే సులువుగా దిగుతుంది. అన్నీ సగం సగం బిగించి, చివర్లో పూర్తిగా బిగించండి.

తీగలు ఎక్కించక ముందే కేబుల్ పెట్టి స్లీవ్‌కూ బ్రిడ్జ్‌కూ మధ్య మళ్లీ కొలవండి. ఇప్పుడు తప్పు తేలితే ఐదు స్క్రూల పని, తీగలు ఎక్కాక తేలితే గంట పని. తీగలు ఎక్కాక ప్రతి శాడిల్ దగ్గరా, ప్రతి తీగ మీదా, పైన బిరడాల దగ్గరా ఒక్కో కొలత. బిరడాలకు వేరే వైరు ఉండదు, తీగ ద్వారానే వాటికి గ్రౌండ్ అందుతుంది.

ఒక ప్రత్యేక సందర్భం. నైలాన్ చుట్టిన టేప్‌వౌండ్ తీగలు వేసుకున్నవాళ్లకు అన్నీ సరిగా ఉన్నా తీగ ముట్టుకుంటే హమ్ తగ్గదు. లోపలి లోహం బ్రిడ్జ్‌కు కలిసే ఉంటుంది, కానీ మీ వేలికీ లోహానికీ మధ్య నైలాన్ ఉంది. అరచేతి అంచు బ్రిడ్జ్ మీద ఆనించి వాయించడం అలవాటు చేసుకోండి.

పాట్ వెనక సోల్డరింగ్

కొత్త వైరు వేసినా, పాట్ మార్చినా ఈ పని తప్పదు. అందరూ తడబడేది ఇక్కడే. పాట్ వెనక రేకును శాండ్ పేపరుతో గీకండి, మెరిసేంత. ఐరన్ కొనకు కొద్దిగా సోల్డరు పూసి, కొన చదునుగా ఆనేలా రేకుకు పెట్టండి. సోల్డరును ఐరన్‌కు కాదు, రేకుకు తాకించండి. రేకే దాన్ని కరిగించి చుట్టూ పరుచుకునేలా చేసుకోవాలి. ఒక చిన్న మడుగు ఏర్పడ్డాక, ముందే పూత పెట్టిన వైరు కొసను అందులో ముంచి ఐరన్ తీసేసి, గట్టిపడే దాకా వైరు కదపకండి. మొత్తం నాలుగైదు సెకన్లు. అంతకంటే ఎక్కువ పడితే ఆపి, చల్లారనిచ్చి మళ్లీ మొదలుపెట్టండి, లేకపోతే లోపలి కార్బన్ పట్టీ పాడవుతుంది.

మంచి జాయింటు అంచులు రేకులోకి పల్చగా దిగిపోయి ఉంటాయి. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలిస్తే అది పైపైన కూర్చున్నదే, గోటితో గిల్లితే ఊడొస్తుంది. మళ్లీ వేడి చేయండి. కిటికీ తెరిచి పని చేయండి, అయ్యాక చేతులు కడుక్కోండి, సోల్డరులో సీసం ఉంటుంది.

గ్రౌండ్ వైర్లన్నీ ఒకే చోట కలవాలా అని పెద్ద వాదన నడుస్తుంది. అరచేతి వెడల్పు గుంటలో, గట్టి జాయింట్లు ఉన్నంతవరకూ అది వినిపించే తేడా కాదు. అన్నీ ఒక పాట్ వెనక కలిపితే తప్పు వెతకడం తేలిక, అంతే.

బ్రిడ్జ్ కాకుండా వేరే సామాను మార్చినప్పుడు

జాజ్ బేస్ కంట్రోల్ ప్లేటు లోహం కాబట్టి పాట్‌ల రేకులన్నిటినీ అదే కలుపుతుంది. అందం కోసం దాని బదులు ప్లాస్టిక్‌దో చెక్కదో వేస్తే ఆ దారి తెగిపోతుంది. అప్పుడు పాట్ నుంచి పాట్‌కు, చివరి పాట్ నుంచి జాక్ స్లీవ్‌కు వైర్లు వేయాలి. ప్లేటు అదే ఉన్నా పాట్ నట్టు వదులైతే గ్రౌండ్ వచ్చిపోతూ గరగరమంటుంది. నట్టు బిగించండి, కానీ దాని మీదే ఆధారపడకుండా వైరు వేయడం నాకు ఇష్టం.

జాక్ మార్చినప్పుడు రెండు కాళ్లూ తారుమారు చేయడం తరచుగా జరిగే పొరపాటు. అలా జరిగితే తీగ ముట్టుకుంటే హమ్ తగ్గకపోగా పెరుగుతుంది. కొత్త జాక్‌లో ఏ కాలు స్లీవ్‌దో చూపుతో కాదు, కేబుల్ గుచ్చి మీటరుతో తేల్చుకోండి.

బ్యాటరీ ఉండే యాక్టివ్ బేస్‌లో జాక్‌కు మూడు కాళ్లు. మూడోది, రింగ్, బ్యాటరీ నల్లవైరుది. మామూలు మోనో ప్లగ్గు గుచ్చగానే రింగ్, స్లీవ్ కలిసి బ్యాటరీ పనిచేయడం మొదలుపెడుతుంది. నల్లవైరు కదా అని దాన్ని గ్రౌండ్‌కు సోల్డర్ చేస్తే బ్యాటరీ రాత్రీపగలూ ఖర్చవుతూనే ఉంటుంది. ఈఎంజీ యాక్టివ్ పికప్‌లు వేసుకుంటే అసలు బ్రిడ్జ్ వైరే కలపొద్దని ఆ కంపెనీ సూచనల్లోనే ఉంది. వాటికి లోపలే కవచం ఉంటుంది కాబట్టి తీగలకు గ్రౌండ్ అక్కర్లేదు, షాక్ ప్రమాదం కూడా తగ్గుతుంది.

ఇంకా మోత ఉంటే

తీగలు ముట్టుకుంటే తగ్గక, ప్లగ్గు ముట్టుకుంటే తగ్గితే తప్పు బ్రిడ్జ్‌కూ పాట్‌కూ మధ్య ఉంది. ప్లగ్గు ముట్టుకున్నా తగ్గకపోతే బేస్‌ను వదిలి కేబుల్, ఆంప్, ఇంటి ఎర్త్ చూడండి. ముందు కేబుల్ మార్చి చూడండి, బేస్ తప్పు అనుకున్నవాటిలో కేబుల్ తప్పే ఎక్కువసార్లు తేలింది నా అనుభవంలో. నెక్ కదిపితేనో, పట్టీ లాగితేనో వచ్చిపోతుంటే జాక్ నట్టు వదులై లోపలి వైరు మెలిపడి ఉంటుంది. అన్ని కొలతలూ సరిగా ఉండి, చెయ్యి వేస్తే తగ్గి, తీస్తే మరీ ఎక్కువగా లేస్తుంటే గ్రౌండ్‌లో తప్పు లేదు. గుంటలకు రాగి రేకు కవచం వేసుకోవచ్చు, ఆ రేకు గ్రౌండ్‌కు కలవాలి, సిగ్నల్ కాళ్లకు తగలకూడదు.

స్టేజీ మీద ఎర్త్

ఇది రాయకుండా ఈ విషయం ముగించడం నాకు ఇష్టం లేదు. తీగలకు గ్రౌండ్ కలిపాం అంటే మన చేతుల్ని ఆంప్ ఛాసిస్‌కు కలిపినట్టే. ఛాసిస్ మంచి ఎర్త్‌కు కలిసి ఉంటే భయం లేదు. పైడితల్లమ్మ పండగ రోజుల్లో, సంక్రాంతికి, క్రిస్మస్‌కు ఊళ్లలో వేసే స్టేజీలకు కరెంటు ఎక్కడి నుంచో రెండు వైర్లతో లాగుతారు, లేదా జనరేటరు పెడతారు. మూడో వైరు చాలాసార్లు ఉండదు. ఆంప్ లోపల ఏదైనా లీకైతే ఆ వోల్టేజి తీగల మీదకు వస్తుంది. మైకు వేరే బోర్డు నుంచి వస్తుంటే, చేతిలో తీగ, పెదవికి మైకు, రెంటి మధ్యా మనం.

పాడే ముందు మల్టీమీటరును ఏసీ వోల్టుల రేంజిలో పెట్టి, ఒక ప్రోబు తీగకు, ఒకటి మైకు జాలీకి ఆనించండి. ప్రోబుల ప్లాస్టిక్ పిడులే పట్టుకోండి, రెండు చేతులతో లోహం ముట్టుకోవద్దు. ఒకటి రెండు వోల్టులు పరవాలేదు. పదుల్లో కనిపిస్తే వాయించొద్దు, కరెంటు పని తెలిసినవాళ్లను పిలవండి. సాకెట్‌లో వాళ్లు చూడాల్సింది ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య సుమారు 230, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య అయిదు లోపు. ఫేజు–ఎర్త్ అంకె సగానికి పడిపోయినా, నిలకడ లేకుండా ఊగినా ఆ సాకెట్‌కు ఎర్త్ లేదు. బోర్డులో 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉంటే అది ప్రాణం కాపాడుతుంది, స్టేజీ వాళ్లను అడిగి పెట్టించండి.

హమ్ పోతుందని ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్లను చూశాను. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. హమ్ పోయినా పోకపోయినా, దానితో పాటు రక్షణ పోతుంది.

ఇంట్లో ల్యాప్‌టాప్‌తో రికార్డింగ్ చేసేవాళ్లకు ఒక్కోసారి తీగలు ముట్టుకుంటే చురుచురుమంటుంది. రెండు పిన్నుల అడాప్టర్ లోపలి కెపాసిటర్ల నుంచి వచ్చే కొద్దిపాటి లీకేజీ అది. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూడండి, ఆగిపోతే బేస్‌లో తప్పు లేనట్టే. మూడు పిన్నుల అడాప్టరు వేసి, ఎర్త్ ఉన్న సాకెట్‌లో పెట్టుకోండి.

పని అంతా అయ్యాక మొదట రాసుకున్న కాగితం తీసి, అవే నాలుగు చోట్ల మళ్లీ ముట్టుకుని, అవే కొలతలు మళ్లీ తీసి పక్కన రాయండి. ఆ కాగితాన్ని మడిచి కంట్రోల్ గుంట మూత లోపలి వైపు టేపుతో అంటించండి, లోహానికి తగలకుండా. నా బేస్‌లో ఇప్పుడు మూడు తేదీలు ఉన్నాయి. మొన్న వానాకాలంలో బ్రిడ్జ్ దగ్గర 0.6 నుంచి 2.8 ఓమ్‌లకు పెరిగిందని ఆ కాగితం చూసే తెలిసింది. హమ్ ఇంకా మొదలవ్వలేదు. బ్రిడ్జ్ ఎత్తి చూస్తే రాగి అప్పుడే పచ్చబడుతోంది.